తాతాజీ కాలిగోరు, కమిషనర్ గారి మూడు రంగులు

మా పురపాలక సంఘంలో మగాళ్ళందరూ కాలిగోళ్ళకి రంగేసుకుని ఆఫీసుకి వచ్చారని మీరు వినే ఉంటారు. విన్నది నిజమే. మీసాలున్నవాళ్ళూ వేసుకున్నారు, మనవలున్నవాళ్ళూ వేసుకున్నారు. ఇదంతా మా తాతాజీ కుడికాలి బొటనవేలి దగ్గర మొదలైంది. ఆ వేలి తప్పేం లేదు పాపం. దాని మానాన దాన్ని వదిలేసి ఉంటే చక్కగా నయమైపోయేది.

నా పేరు కాశీఅన్నపూర్ణ. జనన మరణాల సెక్షన్లో సీనియర్ అసిస్టెంటుని. ఊరి పేరు చెప్పను. గోదావరి పక్కన ఉందని మాత్రం చెబుతాను, అంతకు మించి అడక్కండి. తాతాజీ అంటే ముసలాయన అనుకునేరు, కాదు. వాడికి వాళ్ళ తాతగారి పేరు పెట్టారు. మామగారి పేరు నోటితో పిలవకూడదని వాళ్ళమ్మ తాతాజీ అని పిలిచింది. అదే బళ్ళోకీ వెళ్ళింది, ఉద్యోగంలోకీ వచ్చింది. నిండా ముప్పై అయిదేళ్ళు లేవు. నీళ్ళ సరఫరా సెక్షన్లో వర్క్ ఇన్‌స్పెక్టరు.

ఏళ్ళ తరబడి వాల్వు గుంటల్లో దిగి, తడిసిన బూట్లతోనే పొద్దంతా తిరిగేసరికి ఆ బొటనవేలి గోరు పచ్చబడి, మందమెక్కి, అంచు పొడిపొడిగా రాలడం మొదలెట్టింది. నొప్పి లేదు కాబట్టి వాడూ పట్టించుకోలేదు. పెళ్ళి కుదిరిన మర్నాడు మాత్రం నా బల్ల దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసి, బూటు విప్పి, మేజోడు లాగి చూపించాడు.

"అక్కా, నన్ను ఈ గండం గట్టెక్కించాలండి."

"గండమేంటిరా, గోరేగా!"

"గోరే అక్కా. పెళ్ళిలో మావగారు కాళ్ళు కడుగుతారు కదండీ."

"కడుగుతారు. నీ ఒక్కడికే కాదుగా, ప్రతి పెళ్ళికొడుక్కీ కడుగుతారు."

"పళ్ళెంలో పెట్టి కడుగుతారండి. పేర్రాజు గారంటే మాటలా? లంకలన్నిట్లో పేరున్న కొబ్బరి వ్యాపారండి. అంత పెద్దాయన వంగి ఈ గోరు మీద నీళ్ళు పోసి, ఆ నీళ్ళు నెత్తిన చల్లుకోవాలండి. పైగా ఇప్పుడు ఫొటోగ్రాఫర్లు కాళ్ళ దగ్గరే కెమెరా పెట్టుకుని కూచుంటన్నారు. పక్కన పెద్ద స్క్రీను. వెనక భోజనాల బంతి కోసం ఎదురు చూసేవోళ్ళకి కూడా నా గోరు కనపడుద్దండి."

నాకు నవ్వొచ్చిన మాట నిజమే. కానీ వాడి మొహం చూస్తే ఏడుపు ఆపుకుంటున్నట్టుంది. పిల్ల పేరు సత్యవేణి. బళ్ళో లెక్కల టీచరు. సంబంధాలు చూసి చూసి విసిగిపోయిన ఇంట్లో వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు దొరికింది. ఆ పిల్ల మొదటిసారి దగ్గరగా చూసేది తన కాలే అవుతుందని వాడి బెంగ. ముహూర్తం మాఘంలో. అప్పుడు జ్యేష్ఠం నడుస్తోంది.

ఆఫీసులో వైద్యులకేం కొదవ? మా మేనేజరు అవధాని గారు దూరం నుంచే చూసి, "గోరుచుట్టు. నిమ్మకాయ తొడిగించు" అని తేల్చేశారు. అది గోరుచుట్టు కాదండీ అంటే, "అయితే రెండు నిమ్మకాయలు" అన్నారు. నేను వాడి చెయ్యి పట్టుకుని చర్మవ్యాధుల డాక్టరు జుబేదా గారి దగ్గరికి లాక్కెళ్ళాను.

ఆవిడ గోరు కొసని కాస్త గీకి పరీక్షకి పంపించి, ఫంగస్ అని తేలాక ఒక చిన్న సీసా చేతికిచ్చారు. అచ్చం గోళ్ళ రంగు సీసాలాగే ఉంది. మూతకి కుంచె కూడా ఉంది. లోపల మాత్రం నీళ్ళలాంటి మందు.

"దీన్ని నెయిల్ లాకర్ అంటారు. ముందు గోరు పైభాగం ఈ గరుకు పట్టీతో అరగదియ్యి. ఆ పట్టీ మంచి గోళ్ళకి వాడకు. తర్వాత స్పిరిట్ దూదితో తుడిచి, ఇది పల్చగా పూసి ఆరనియ్యి. వారానికోసారి. మళ్ళీ పూసేముందు పాత పూత తుడిచెయ్యి. పాదాలు పొడిగా ఉంచుకో. దీని మీద ఇంకే రంగూ వెయ్యకూడదు, వేస్తే మందు గోట్లోకి దిగదు."

"మాఘమాసానికి పోద్దాండీ?" అన్నాడు తాతాజీ.

"చెడిన గోరు బాగుపడదయ్యా. కింద నుంచి మంచి గోరు పెరిగి దాన్ని బయటికి తోసెయ్యాలి. బొటనవేలంటే దగ్గర దగ్గర ఏడాది. మాఘానికి సగం పైనే కొత్తది వస్తుంది. మానకుండా పూస్తేనే సుమా."

వాడు మానలేదు. ప్రతి ఆదివారం పీట మీద కూచుని దేవుడికి దీపం పెట్టినంత శ్రద్ధగా పూసుకునేవాడు. సోమవారం వచ్చి నాకు చూపించేవాడు. వర్షాలు తగ్గేసరికి గోరు మొదట్లో గులాబీరంగు అంచు కనపడింది. "అక్కా, వచ్చేసిందండి!" అని వాడు అరిచిన అరుపుకి అవధాని గారు ఎవరో పై అధికారి వచ్చారనుకుని లేచి నిలబడ్డారు.

ఇక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. డాక్టరు గారు కాళ్ళకి గాలి తగలాలన్నారని, ఆఫీసులో ఉన్నంతసేపూ బూట్ల బదులు చెప్పులు వేసుకోనివ్వమని అడగడానికి వాడు కమిషనర్ గారి గదిలోకి వెళ్ళాడు. వెళ్ళొద్దురా అన్నాను. వింటేనా!

మా కమిషనర్ మృత్యుంజయ ప్రసాద్ గారు చెడ్డాయన కాదు. ఆయనకి ఏ చిన్న విషయం కనపడినా అది ఉద్యమంలా కనపడుతుంది, అంతే. ఆఫీసు గడియారాలు వెనకబడితే ఒక ఉద్యమం పెట్టారు. కుండీల్లో తులసి ఎండిపోతే ఒక ఉద్యమం పెట్టారు. ఆ ఉద్యమం ముగింపు సభ నాటికి కుండీలు కూడా లేవు. తాతాజీ చెప్పిందంతా విని, సీసాని వెలుగులో పెట్టి చూసి, కుర్చీలోంచి లేచారట.

"తాతాజీ, మీ సమస్య వ్యక్తిగతం కాదు. వ్యవస్థాగతం. మన సిబ్బందిలో క్షేత్రస్థాయిలో ఎన్ని గోళ్ళు ఈ విధంగా మౌనంగా బాధపడుతున్నాయో మనం ఏనాడైనా సమీక్షించామా?"

"లేదండి. చెప్పులు ఏసుకోవచ్చాండీ?"

"మీరు చెప్పుల దగ్గరే ఆగిపోయారు. నేను సమగ్ర కార్యాచరణ గురించి ఆలోచిస్తున్నాను."

అలా 'నఖజ్యోతి' పుట్టింది. పుట్టినప్పుడు మంచి పిల్లే, అన్యాయంగా మాట్లాడకూడదు. జుబేదా గారిని పిలిపించి, మురుగు కాలవల్లో పనిచేసేవాళ్ళకీ, నీళ్ళ సెక్షన్ వాళ్ళకీ కాళ్ళు పరీక్ష చేయించి, ఫంగస్ ఉన్నవాళ్ళకి మందు సీసాలు ఊరికే ఇప్పించారు. మా పారిశుద్ధ్యం మంగాయమ్మకి రెండు కాళ్ళకీ ఉంది. "ఇన్నాళ్ళూ ముసలితనం అనుకున్నానమ్మా, రోగమంట!" అని తెగ సంబరపడింది. ఆ వారం నేను కూడా కమిషనర్ గారిని మెచ్చుకున్నాను. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి ఎంతోకాలం పట్టలేదు.

దసరా ముందు సమీక్షా సమావేశం పెట్టారు. గోళ్ళ ఫొటోలు గోడ మీద పెద్దగా వేసి చూపించారు. కమిషనర్ గారు చాలాసేపు చూశారు.

"మందు ఎక్కడ?"

"పూశామండి," అన్నాడు తాతాజీ. "అది రంగులేని మందండి. ఆరిపోతే కనపడదు."

"కనపడని ప్రగతిని పై అధికారుల దృష్టికి ఎలా తీసుకెళ్ళాలి?"

అవధాని గారు గొంతు సవరించుకున్నారు. ఆయన గొంతు సవరించుకుంటే ఎవరో ఒకరికి మూడిందన్నమాటే.

"అయ్యా, తమ అనుమతితో ఒక సూచన. గుర్తించిన గోటికి ఎరుపు. చికిత్సలో ఉన్నదానికి పసుపు. నయమైనదానికి ఆకుపచ్చ. పైపూతగా వేయిస్తే తనిఖీకి సౌలభ్యంగా ఉంటుంది."

కమిషనర్ గారు బల్ల మీద చరిచారు. సభ అయిపోయేసరికి మూడు రంగుల సీసాలు పెట్టెలకి పెట్టెలు తెప్పించాలని నిర్ణయమైపోయింది. ఈ సంగతి తెలిసి జుబేదా గారు ఉరుకులు పరుగులతో వచ్చారు.

"సార్, మందు మీద రంగేస్తే మందు పనిచెయ్యదు."

"డాక్టరు గారూ, మందు చికిత్సా విభాగం. రంగు పర్యవేక్షణా విభాగం. రెండింటి పరిధులూ వేరు."

"గోరు ఒకటే కదండీ!"

"అందుకే సమన్వయం అవసరం," అన్నారు ఆయన. అని ఆవిణ్ణి సమన్వయ సంఘంలో సభ్యురాలిగా వేశారు. ఆ సంఘం ఇంతవరకూ కూచోలేదు.

చిక్కు ఎక్కడొచ్చిందో చూడండి. వారానికోసారి మందు పూయాలంటే పై రంగు తియ్యాలి. రంగు తీస్తే ఆ గోరు ఏ దశలో ఉందో తెలియదు. దశ తెలియని గోరు లెక్కలోకి రాదు. కాబట్టి అనుమతి లేకుండా రంగు తియ్యడం శాఖాపరమైన చర్యకి అర్హమైన నేరమన్నారు. అనుమతి అడిగితే, అవధాని గారి నుంచి కమిషనర్ గారికీ, అక్కణ్ణించి మళ్ళీ అవధాని గారికీ తిరిగి వచ్చేసరికి ఇంకో రెండు ఆదివారాలు గడిచిపోయేవి. అప్పటికి ఆ అనుమతికి గడువు తీరిపోయేది. మెల్లిగా అందరూ మందు మానేశారు. రంగు మాత్రం ఎక్కడా చెరగలేదు. నివేదికల్లో నఖజ్యోతి బ్రహ్మాండంగా వెలిగిపోయింది.

తర్వాత మంచి గోళ్ళ మీద పడ్డారు. రంగు లేని గోరు కనపడితే అది ఆరోగ్యంగా ఉందా, తనిఖీ తప్పించుకుందా అని అనుమానం వస్తుందిట. అందుకని జబ్బు లేనివాళ్ళు కూడా ఆకుపచ్చ వేసుకోవాలన్నారు. అవధాని గారు, పాపం, పంచె కట్టుకుని, విభూతి పెట్టుకుని, పది వేళ్ళకీ ఆకుపచ్చ రంగుతో వచ్చారు. ఇంట్లో వాళ్ళావిడ దేవుడి గదిలోకి రానివ్వలేదని నా దగ్గర వాపోయారు. "మీ సూచనే కదండీ" అన్నాను. "సూచన ఇతరుల కోసం చేస్తామమ్మా" అన్నారాయన, నిజాయితీగానే.

బూట్లలో ఉన్న రంగు ఆకస్మిక తనిఖీకి కనపడదు కదా, అందుకని బూట్లు తీసేయించారు. మురుగు కాలవ పూడిక తీసేవాళ్ళకి కూడా. మంగాయమ్మ నేరుగా వరండాలోనే కమిషనర్ గారిని పట్టుకుంది.

"బాబుగారూ, బూట్లిప్పేసి కాలవలో దిగమంటన్నారు. దిగితే ఆ బురదలో రంగూ కనపడదు, కాలూ కనపడదు. మరి ఇప్పడం దేనికండీ?"

"మంచి ప్రశ్న. దిగేముందు ఒక ఫొటో, ఎక్కి కడుక్కున్నాక ఒక ఫొటో తీయించుకోండి."

"మజ్జలో మురుగులో ఉన్నప్పుడో?"

"అది నఖజ్యోతి పరిధిలోకి రాదు."

బూట్లు లేక కాళ్ళు తడిలో నానేసరికి, కొత్తగా ఇంకొందరి గోళ్ళు చెడిపోయాయి. గుర్తించిన గోళ్ళ సంఖ్య ఒక్కసారిగా పెరిగిపోయిందని మా పురపాలక సంఘానికి పై నుంచి అభినందనలు వచ్చాయి. గుర్తింపులో మేమే ముందున్నామట!

ఆ అభినందన చెప్పడానికి ప్రాంతీయ సంచాలకుల వారు కంప్యూటర్ తెర మీదికి వచ్చిన రోజు నేను చచ్చేదాకా మర్చిపోను. కెమెరా బల్ల ఎత్తులో ఉంది. గోళ్ళు కింద ఉన్నాయి. కమిషనర్ గారు కాసేపు ఆలోచించి, "అందరూ కాళ్ళు బల్ల మీద పెట్టండి" అన్నారు. మాలో ఒక్కరూ కదల్లేదు. పెద్దవాళ్ళ ఎదుట కాలు జాపుకుని కూచుంటేనే మా అమ్మ తొడపాశం పెట్టేది. అవధాని గారు కళ్ళు మూసుకుని, పెదాలతో ఏదో శ్లోకం చదువుకుని, ముందుగా తన కాళ్ళెత్తి బల్ల మీద పెట్టారు. ఆయన వెనకే సెక్షన్లన్నీ పెట్టాయి. తెర వెలిగింది. సంచాలకుల వారు అప్పుడే ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకున్నారు. ఎదురుగా మా అందరి పాదాలు, వాటి గోళ్ళ మీద మూడు రంగులు. ఆయన ఇడ్లీ మింగాలో వద్దో తేల్చుకోలేక, అలవాటు కొద్దీ చేతులు జోడించి మా పాదాలకి నమస్కారం పెట్టేశారు.

అందరం నవ్వుకున్నాం. తాతాజీ నవ్వలేదు. ఎందుకంటే వాడి గోరు అందరి గోళ్ళలాంటిది కాదు. ఉద్యమానికి ఆద్యమైన గోరు కాబట్టి దాన్ని 'ఆదర్శ నఖం' అని ప్రకటించారు. చికిత్సలో ఉన్నా, మొట్టమొదట గుర్తించిన గోరు కాబట్టి దానికి ఎరుపే వేశారు. బస్టాండు ఎదురుగా ఉన్న పెద్ద బోర్డు మీద ఆ బొటనవేలిని ఎర్రరంగుతో, ఆరడుగుల ఎత్తున వేయించారు. కింద 'ఈ గోరు వెలగబోతోంది' అని రాయించారు. పేరు వెయ్యలేదు. వెయ్యకపోతేనేం, ఊళ్ళో అందరికీ తెలుసు. అదొక్కటే కొట్టొచ్చినట్టు కనపడాలని వాడి మిగతా తొమ్మిది గోళ్ళకీ ఆకుపచ్చ నుంచి మినహాయింపు ఇచ్చారు. ఆ గోరు ఎర్రగా ఉంటేనే బోర్డుకి సరిపోతుంది కాబట్టి, ముగింపు ఉత్సవంలో కమిషనర్ గారు స్వహస్తాలతో ఆకుపచ్చ వేసేదాకా దాన్ని ముట్టుకోకూడదన్నారు. ముగింపు ఉత్సవం ఎప్పుడంటే, ముఖ్య అతిథి గారికి వీలు కుదిరినప్పుడు. అది మాఘం దాటాకే కుదురుతుందని కబురొచ్చింది.

వాడు ఆ మధ్యాహ్నం అన్నం క్యారేజీ మూత కూడా తియ్యకుండా నా ఎదురుగా కూచున్నాడు.

"అక్కా, మందు ఆపి ఇన్నాళ్ళయింది. లోపల ఎలా ఉందో కూడా తెలీదండి. పోనీ పచ్చగోరే ఉండి ఉంటే జబ్బు అని చెప్పుకునేవోణ్ణి. ఎర్రరంగేసుకుని పీటల మీద కూచుంటే ఏవని చెప్పనండి? ఆ అమ్మాయి ఏవనుకుంటుందండి?"

"ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పెయ్యరా. చదువుకున్న పిల్ల, అర్థం చేసుకుంటుంది."

"చెబ్దావనే ఫోను తీత్తానండి. 'ఏంటండీ సంగతులు' అంటది. 'ఏం లేదండి' అనేసి పెట్టేత్తాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. కమిషనర్ గారి గదిలోకి వెళ్ళి, ఆ ఒక్క గోటినీ పెళ్ళి మూడు రోజులూ వదిలెయ్యమని అడిగాను. ఆయన చాలా మర్యాదగా కూచోమన్నారు.

"అన్నపూర్ణ గారూ, మీ సెక్షన్లో ఒక మనిషి పుట్టినట్టు నమోదయ్యాక, పెళ్ళి ఉంది కదా అని మూడు రోజులు పుట్టనట్టు రాస్తారా?"

"రాయం సార్."

"ఇదీ అంతే. దశను తాత్కాలికంగా రద్దు చేసే నిబంధన లేదు. అయినా మీరు కంగారుపడకండి. నేను స్వయంగా పెళ్ళికి వస్తున్నాను. ప్రజా సమూహంలో అవగాహన కల్పించడానికి ఇంతకన్నా మంచి వేదిక దొరకదు."

తాతాజీ పెళ్ళి సెలవు మంజూరైంది. 'రంగుకి భంగం కలగకుండా' అనే షరతు మీద.

పెళ్ళి పేర్రాజు గారి ఊళ్ళోనే, కాలవ గట్టున ఉన్న కల్యాణ మండపంలో. జనం కిటకిటలాడుతున్నారు. పీటల మీద మా వాడు బాసికం కట్టుకుని, కాళ్ళని పంచె కుచ్చిళ్ళ కింద దాచుకుని, ముడుచుకుని కూచున్నాడు. ఎదురుగా తెరసెల్లా పట్టుకున్నారు. దాని అవతల సత్యవేణి కూచుంది. పక్కనే ముస్తాబు చేసే అమ్మాయి పెట్టె తెరుచుకుని, మాటిమాటికీ పెళ్ళికూతురి మొహం అద్దుతోంది. మొదటి వరసలో కమిషనర్ గారు, ఆయన పక్కన అవధాని గారు, వెనకాల నేను.

పురోహితుడు గారు కాళ్ళు కడగమన్నారు. పేర్రాజు గారు పట్టుపంచె సర్దుకుని, ఇత్తడి పళ్ళెం ముందుకి జరిపి, అల్లుడి కాలు కోసం చెయ్యి చాపారు. తాతాజీ ఎడమకాలు పెట్టాడు.

"కుడికాలు బాబూ," అన్నారు పురోహితుడు గారు.

వాడు నా వైపు చూశాడు. నేనేం చెయ్యగలను? పెట్టాడు. సరిగ్గా అప్పుడే ఫొటోగ్రాఫరు దగ్గరికి జరిగాడు. పక్కనున్న స్క్రీను మీద ఎర్రటి గోరు నిండుగా వచ్చింది. సన్నాయి ఒక్క క్షణం దారి తప్పి మళ్ళీ దొరకబుచ్చుకుంది.

పేర్రాజు గారి భార్య చెంబుతో నీళ్ళు పోస్తూ ఆగిపోయింది. ఆయన మాత్రం నిదానంగా గోటిని బొటనవేలితో రుద్దారు. పోలేదు. మళ్ళీ రుద్దారు. పోలేదు.

"అల్లుడుగారూ, ఏవీ అనుకోకండి. ఇది మీ ఇంటాచారమాండీ?"

తాతాజీ నోరు తెరిచేలోగానే వాళ్ళ అమ్మ, "మా ఇంట్లో అలాంటిదేం లేదండి బాబూ!" అని కంగారుగా అనేసింది. ఆడపెళ్ళివారి వైపు నుంచి ఒక పెద్దావిడ గొంతు ఖంగున వినపడింది.

"ఆచారమైతే రెండో కాలికి ఏదీ? ఒక్క గోటికే వేసుకునేదేం ఆచారమమ్మా?"

గుసగుసలు మొదలయ్యాయి. మగపిల్లాడికి రంగేంటి అని ఒకరు, మొక్కేమోనని ఒకరు. పేర్రాజు గారి మొహం గంభీరంగా మారిపోయింది. పట్టుకున్న కాలు వదలడమో, కడగడమో తెలియక ఆయన అలాగే కూచున్నారు. మా వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అప్పుడు కమిషనర్ గారు లేచి మైకు అందుకున్నారు.

"బంధుమిత్రులారా! మీరు తిలకిస్తున్నది సాధారణ గోరు కాదు. ఇది నఖజ్యోతి కార్యక్రమంలో ఎర్రదశకి ప్రతీకగా నిలిచిన ఆదర్శ నఖం. ఫంగస్ అనే సామాజిక శత్రువుపై..."

"ఫంగసా!" అంది ఆ పెద్దావిడ. మండపమంతా గొల్లుమంది.

ఇక నావల్ల కాలేదు. ఉద్యోగం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది అనుకుని లేచి నిలబడ్డాను.

"పేర్రాజు గారూ, కుర్రాడి తప్పేం లేదండి. రోజల్లా నీళ్ళలో దిగి ఊరికి నీళ్ళిచ్చేవాడికి గోటికి ఫంగస్ పట్టింది. డాక్టరు మందిచ్చింది. వారం వారం పూసుకున్నాడు, మీరు కాళ్ళు కడిగే వేళకి శుభ్రంగా ఉండాలని! కొత్తగోరు కూడా వచ్చింది. ఇదిగో, మా ఆఫీసువాళ్ళం ఆ మందు మీద ఈ రంగేసి, వైద్యం ఆపేశాం. తియ్యనివ్వం అంటున్నాం. సిగ్గుపడాల్సింది మేమండి, వాడు కాదు."

"అన్నపూర్ణ గారూ, ఇది వేదిక కాదు," అన్నారు అవధాని గారు గుసగుసగా. పురోహితుడు గారు గడియారం చూసుకుని, "అయ్యా, ముహూర్తం!" అన్నారు.

అప్పుడు తెరసెల్లా కింద అంచు కదిలింది. గోరింటాకు పండిన చెయ్యొకటి బయటికి వచ్చింది. వేళ్ళ మధ్య తడిపిన దూది ఉంది. ముస్తాబు చేసే అమ్మాయి పెట్టెలోది కాబోలు, రంగు చెరిపే మందు వాసన గుప్పుమంది. ఆ చెయ్యి పళ్ళెంలో ఉన్న కాలిని తడిమి, బొటనవేలిని పట్టుకుంది. తాతాజీ ఉలిక్కిపడ్డాడు గానీ కాలు వెనక్కి లాక్కోలేదు.

"ఆగండి! అది శాఖాపరంగా..." అన్నారు కమిషనర్ గారు మైకులోనే.

ఆ చెయ్యి ఆగలేదు. బళ్ళో నల్లబల్ల తుడిచిన అలవాటేమో, ఒక్క తుడుపుకే సగం ఎరుపు పోయింది. రెండో తుడుపుకి మొత్తం పోయింది. స్క్రీను మీద ఊరంతా చూసింది. గోటికి పై సగం పచ్చగా, గరుకుగా ఉంది. మొదటి సగం మాత్రం పసిపిల్లల గోరంత గులాబీరంగులో మెరుస్తోంది.

తెర అవతల నుంచి సత్యవేణి గొంతు వినపడింది. పెద్దగా ఏం అనలేదు, పాఠం చెప్పినంత మామూలుగా అంది.

"సగం వచ్చేసిందిగా అండీ. మిగతా సగం వారం వారం నేను పూత్తాను. నాన్నగారూ, కడగండి."

పేర్రాజు గారు కూతురి చేతి వంక చూశారు, అల్లుడి మొహం వంక చూశారు. తర్వాత రెండు చేతులతోనూ ఆ కాలిని పట్టుకుని, ఆ గోటి మీదే ముందుగా నీళ్ళు పోయించి, ఆ నీళ్ళు కళ్ళకి అద్దుకుని నెత్తిన చల్లుకున్నారు. సన్నాయి ఎత్తుకుంది. తాతాజీ ఇక దాచుకోలేదు, అందరి ముందూ హాయిగా ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను. అవధాని గారు కళ్ళజోడు తుడుచుకున్నారు గానీ, చెమట అన్నారు.

కమిషనర్ గారు అక్షింతలు వేసి వచ్చి నా పక్క కుర్చీలో కూలబడ్డారు. చాలాసేపు స్క్రీను వంకే చూస్తూ ఉండిపోయారు. ఎరుపూ కాదు, పసుపూ కాదు, ఆకుపచ్చా కాదు. ఆయన బాధ నాకు అర్థమైంది. చివరికి నా చెవి దగ్గరికి వంగి, నిజంగానే సలహా అడుగుతున్న గొంతుతో అన్నారు.

"అన్నపూర్ణ గారూ, రేపు పై ఆఫీసుకి నివేదిక పంపాలి. ఇప్పుడు ఈ గోరు ఏ దశలో ఉన్నట్టు చూపించమంటారు?"

"పెళ్ళయిపోయిందని చూపించండి సార్," అన్నాను. "ఇక మన చేతిలో లేదు."